నిలబడిన వాళ్ళ పేర్లు

ఆగస్టు పన్నెండు, మంగళవారం. ఉదయం పదకొండున్నరకల్లా అయిన పనులు: ఇడ్లీపిండి రుబ్బి ఎత్తిపెట్టడం, రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేయడం, కందిపప్పు ఎండలో పోయడం, మా ఆయన బూట్లలో బూడిద దులపడం, గ్యాస్‌ బండకు చెప్పడం. మొత్తం ఐదు. మిగిలింది ఒకటి: కిందింటి అక్కకు ఫోన్ చేయడం. ఆ ఒక్క పనీ పదకొండు రోజులుగా నా ఇంటి లెక్కల పుస్తకంలో ఒక పేజీ నుంచి మరో పేజీకి మారుతూ వస్తోంది. నేను చేయకముందే ఫోను మోగింది. అక్క నంబరే. మాట్లాడింది మాత్రం వాళ్ళమ్మాయి.

"పిన్నీ, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది. కప్పు కడిగి బోర్లించింది. మంచం మీద కూసున్నది. గంతే."

బోర్లించిన కప్పు దగ్గర నా మనసు ఆగిపోయింది. ఎవరికీ పని మిగల్చకుండా పోవడం ఆమెకే చేతనవుతుంది.

శక్తినగర్‌లో బొగ్గుతో కరెంటు తీసే కంపెనీ క్వార్టర్స్‌లో మాది పై ఇల్లు, వాళ్ళది కింద ఇల్లు. అందుకని ఆమె నాకు కిందింటి అక్క, నేను ఆమెకు పైంటి పిల్లను. ఆమెది తరాలుగా రాయచూరులోనే ఉన్న తెలుగు కుటుంబం. నేను కాలువ కింద సేద్యానికి వచ్చిన కోస్తా రైతుల క్యాంపులో పుట్టినదాన్ని. మా తాతల నాటి కోస్తా మాట ఇంకా నా నోట్లోనే ఉంది. పెళ్ళై వచ్చిన మొదటి వారం తెల్ల దుప్పట్లు ఆరేసి లోపలికి వెళ్ళానో లేదో, కింది నుంచి కేక.

"ఓ పైంటి పిల్లా! గాలి గిటు మళ్ళింది. బట్టలు తీయి, లేకుంటే మళ్ళ ఉతుకుతవ్!"

నాకు సగం అర్థం కాలేదు. ఆమే మెట్లెక్కి వచ్చి నాతో పాటు దుప్పట్లు లాగేసింది. పది నిమిషాలకు పిట్టగోడ మీద సన్నటి బూడిద. ఎలా తెలిసింది అక్కా అంటే, "ముక్కుకు తెలుస్తది. నీకు గూడ వస్తది, గాబర పడకు" అంది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర నుంచి రాయచూరుకు కంపెనీ బస్సు ఉండేది, ఇప్పటికీ ఉంది. కూరగాయలు, కిరాణా కొనుక్కుని మధ్యాహ్నానికి తిరిగి వస్తాం. ఆ రోజుల్లో బస్సు ఆగకముందే కిటికీల్లోంచి కర్చీఫులు, సంచులు సీట్ల మీద పడేవి. ఒకసారి ఒకావిడ చెప్పు విసిరింది. ఆ చెప్పు మీద ఇంకొకావిడ కూర్చుంది. వారం రోజులు మాటల్లేవు. ఆ గొడవ తర్వాత అప్పటి మేనేజరు గారి భార్య నన్ను పిలిచి, "నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, లెక్క తప్పవు. సీట్లకు ఒక లిస్టు రాయమ్మా" అన్నారు.

మూడు రోజులు కూర్చుని రాశాను. నలభై సీట్లు. పెద్ద క్వార్టర్ల వాళ్ళు ముందు, చిన్న క్వార్టర్ల వాళ్ళు వెనుక. పన్నెండు, కిటికీ పక్క సీటు, కిందింటి అక్కది. పదమూడు నాది. కంపెనీ ఇలా కూర్చోమని ఎన్నడూ చెప్పలేదని ఇక్కడే రాస్తున్నాను. రాసింది నేను.

బస్సులో అంటించేముందు అక్కకు చూపించాను. ఆమె కన్నడ బడిలో చదివింది, తెలుగు వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివేది.

"మస్తు గీసినవ్ పిల్లా. స్కేలు పెట్టి కొట్టినవ్ గద?"

"అవునక్కా, మూడుసార్లు తిరగరాశాను."

"అందరి పేర్లున్నయా?"

"అందరివీ ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు."

ఆమె కాగితం తిప్పి వెనుక వైపు చూసింది. అక్కడేమీ లేదు. "మరి నిలబడెటోళ్ళ పేర్లు యాడ?"

బూడిద సెక్షన్‌లో, ఊడ్చే పనిలో ఉండే కాంట్రాక్టు ఆడవాళ్ళ గురించి ఆమె అడుగుతోంది. వాళ్ళు అందరికంటే చివర ఎక్కి బస్సు వెనక నిలబడేవాళ్ళు. నేను నవ్వాను. "వాళ్ళకు సీట్లు లేవు కదక్కా, పేర్లెందుకు?"

"ఓ, గట్లనా" అని కాగితం నా చేతిలో పెట్టింది. "చాయ్ తాగుతవా?"

అంతే.  ఆ ప్రశ్న ఇరవై ఏళ్ళు నా వెంట వస్తుందని అప్పుడు నాకు తెలియదు.

అక్కకు బస్సులో ఒక అలవాటుండేది. గేటు నుంచి సగం దారిలో వచ్చే చిక్కసూగూరు దాకా కూర్చునేది. చిక్కసూగూరు రాగానే లేచి, వెనుక నిలబడిన వాళ్ళలో ఒకరిని పిలిచి తన సీటులో కూర్చోబెట్టేది. మిగతా దారంతా కడ్డీ పట్టుకుని తాను నిలబడేది. ఎక్కువసార్లు వచ్చి కూర్చునేది బూడిద సెక్షన్‌లో పనిచేసే ఒక సన్నటి అమ్మాయి. ఆమె మొహమాటపడితే అక్క సీటంతా వెతికినట్టు నటించేది. "సీటు మీద నా పేరు రాసున్నదా? సూడు. ఉంటే నేనే కూసుంటా."

లిస్టు అంటించిన మొదటి ఆదివారం అక్క మామూలుగానే లేచింది. ఆ అమ్మాయి కదల్లేదు.

"బ్యాడమ్మా. ఇప్పుడు రాసిండ్రంట గద నీ పేరు, కాయితం మీద. డ్రైవరన్న సదివిండు."

బస్సంతా నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. అక్క నా వైపు చూడనే లేదు. చూసి ఉంటే బాగుండేది. ఆమె కూడా నవ్వి, "రాసింది పన్నెండు నంబరని. యాడి దాకా అని రాయలే గద? చిక్కసూగూరు దాకా నాది, ఆడికెల్లి నీది. కూసో" అంది.

ముందు నుంచి మేనేజరు గారి భార్య గొంతు వినిపించింది. "అక్కగారు సంఘసేవ మొదలుపెట్టారే!"

"సేవ లేదు గీవ లేదమ్మా. కూసుంటే నడుము పట్టేస్తున్నది. నిలబడితే హాయిగుంటది."

ఆ మాట నేను నమ్మాను. నెలల తరబడి నమ్మాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పిట్టగోడ మీంచి వంగి చూస్తే, కింద వరండాలో అక్క ఉప్పునీళ్ళ టబ్బులో కాళ్ళు పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. పాదాలు ఉబ్బి, చెప్పు పట్టెల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. తర్వాత గమనించాను. ప్రతి ఆదివారం అంతే. ఒక మంచి పని చేసి, దానికి నొప్పి పడి, ఆ నొప్పిని మరో నొప్పి పేరుతో దాచిపెట్టిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు. ఎన్ని ఆదివారాలో ఒకసారి లెక్క కట్టాను. ఆ అంకె ఇక్కడ రాయను. అంకె వేస్తే అది చిన్నదైపోతుంది.

ఒక ఎన్నికల రోజు ఇద్దరం కలిసి టౌన్‌షిప్ బడికి ఓటు వేయడానికి వెళ్ళాం. మా ముందు ఊడ్చే పని చేసే ముసలామె, వెనుక ఎండకు చీర కొంగు కప్పుకుని మేనేజరు గారి భార్య. అక్క లైను పొడుగునా చూసి నా చెవిలో అంది:

"సూసినవా పిల్లా? గీడ నీ లిస్టు చెల్లది. ముందొచ్చినోళ్ళు ముందు. వానికి ఒకటే, వీనికి ఒకటే. ఐదేండ్లకొక్క పూట దేశమంత ఇట్ల నిలబడ్తది. నాకైతే గుడికి పోయినట్టుంటది."

ఆమె కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. నాకది కొత్త. మా పుట్టింట్లో ఒక జెండా, అత్తింట్లో మరో జెండా, మా ఆయన యూనియన్‌లో ఇంకొకటి. ఇల్లు మారినప్పుడల్లా గిన్నెలు సర్దుకున్నట్టే జెండా కూడా సర్దుకున్నాను. లైను అంటే నాకు ఎండ, ఆలస్యం, వంట చేయలేదన్న బెంగ.

"నువ్వు ఎవరి దిక్కు?" అని అడిగింది.

"మా ఆయన చెప్పిన గుర్తుకేనక్కా."

"గుర్తు అడగలే. గుర్తు నాకు జెప్పొద్దు, మీ ఆయనకు గూడ జెప్పొద్దు. నువ్వు ఎవరి దిక్కు నిలబడ్తవ్ అని అడిగిన."

"తెలీదక్కా."

"తెల్వదని నిజం జెప్పినవ్. మంచిది. తెలిసిననాడు చెప్పు."

ఆ తర్వాత రెండేళ్ళకనుకుంటాను. చిక్కసూగూరు దాటాక, అక్క సీటులో కూర్చున్న ఆ బూడిద సెక్షన్ అమ్మాయి నా వైపు తిరిగింది.

"అక్కా, ఆ కాయితం రాసింది నువ్వేనంట గద?"

"అవును."

"మా పేర్లు గూడ రాయి మరి. ఎవరో లేస్తే కూసునుడు ఎన్నాళ్ళు? రాసుంటే అడిగి కూసుంటం."

"చూద్దాం" అన్నాను. ఆ మాట అంటే చూడబోమని అర్థం. ఇల్లు నడిపే వాళ్ళందరికీ ఇది తెలుసు.

పైన కడ్డీ పట్టుకుని నిలబడిన అక్క వినేసింది. ఆమె ముఖం వెలిగిపోయింది. "గిప్పుడన్నవ్ బిడ్డా అసలు మాట! నేను లేసుడు ఏం గొప్ప? ఒక వారం నేను రాకుంటే నువ్వు నిలబడాల్సిందే గద!"

ఇన్నేళ్ళు తాను చేసిన పనిని ఆ అమ్మాయి ఒక్క మాటలో చాలదని చెప్పింది. మరొకరైతే నొచ్చుకునేవారు. అక్క సంతోషించింది. ఆ సంతోషం చూసి నేను నివ్వెరపోయాను.

రాయచూరులో దిగాక కూరల మధ్య నడుస్తూ అడిగింది. "రాస్తవా మరి?"

"మేనేజరు గారి భార్య ఏమంటారో. మా ఆయనకు ప్రమోషన్ వచ్చేట్టుంది."

"భయమైతున్నదా?"

"అవునక్కా."

"సరే. రాసేదాక ఆ పేర్లు నాకు బాకీ ఉండు" అని వంకాయలు ఏరడంలో పడింది.

ఇంటికొచ్చి నా పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను: కిందింటి అక్కకు, పేర్లు. ప్రతి జనవరిలో కొత్త పుస్తకంలోకి ఆ లైను కూడా మార్చేదాన్ని. ప్రమోషన్ వచ్చింది. మేనేజరు గారు బదిలీ అయ్యారు. ఇంకో మేనేజరు, ఇంకో భార్య వచ్చారు. లిస్టును ఏడాదికోసారి కొత్త ప్లాస్టిక్ కవరులో పెట్టి నేనే అంటించేదాన్ని. ఆ లైను మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆరేళ్ళ కిందట వాళ్ళాయన రిటైరై అక్క కుటుంబం రాయచూరులో సొంత ఇంటికి వెళ్ళిపోయింది. పన్నెండో సీటుకు ఇంకొకావిడ పేరు రాశాను. ఆవిడ చిక్కసూగూరులో లేవలేదు. అక్క ముందే చెప్పినట్టు, ఆ బూడిద సెక్షన్ ఆమె మళ్ళీ వెనుక నిలబడింది. పదమూడో సీటులో ఉన్న నేను లేచానా అని మీరు అడగవచ్చు. రెండుసార్లు లేచాను. తర్వాత మోకాళ్ళ నొప్పి అనుకున్నాను.

మొన్న జూలై ఆఖరులో కాలేజీలో చదివే మా అమ్మాయి ఏదో పని కోసం ఇంట్లో అందరినీ ప్రశ్నలు అడుగుతూ, "అమ్మా, నీ పొలిటికల్ ఐడియాలజీ ఏంటి?" అంది. పాలు పొంగుతున్నాయని తప్పించుకున్నాను. ఆ మధ్యాహ్నం మాత్రం నిజంగానే కూర్చుని ఆలోచించాను. కాగితం మీద నిలువు గీతలు కొట్టి ఒక్కో పార్టీ ఏం చెప్తోందో రాశాను. అన్నిచోట్లా మంచి మాటలే. ఒక గడిలో పేదవాళ్ళు, ఒక గడిలో దేశం, ఒక గడిలో రైతులు. కూడితే మొత్తం రాలేదు. ఎందుకు రావడం లేదో కాసేపటికి తట్టింది. ఆ గడుల్లో ఎక్కడా నేను లేను. నేనేం చేస్తానో లేదు.

అక్కకు ఫోన్ చేశాను.

"ఐడియాలజీ అంటే ఏందే?"

"సిద్ధాంతం అక్కా. రాజకీయంలో మనం ఏం నమ్ముతామో అది."

"అబ్బో. నాకు గది తెల్వదు పిల్లా. నమ్మెదంతా అందరం మంచిగనే నమ్ముతం. బస్సెక్కినంక మనిషి ఏం జేస్తడో, గదే వాని పార్టీ." ఆగి, నవ్వి, "నీ హిసాబ్ పుస్తకంల నాదొకటి బాకీ ఉండె గద. ఉన్నదా, కొట్టేసినవా?"

"ఉందక్కా. వచ్చే నెలలో చెప్తాను."

"తొందరేం లేదు. నేను యాడికి పోతున్న?"

ఆ తర్వాతే నా పుస్తకంలో 'అక్కకు ఫోన్' అన్న పని మొదలైంది. జవాబు లేకుండా ఫోన్ చేయడం ఇష్టం లేక వాయిదా వేశాను. అలా పదకొండు రోజులు.

మూడో రోజు కార్యానికి నేనూ మా ఆయనా రాయచూరు వెళ్ళాం. సందులో అద్దె కుర్చీలు వేశారు. మేము వెళ్ళేసరికి బూడిద సెక్షన్, ఊడ్చే పని ఆడవాళ్ళు ఒక వరుసలో కూర్చుని ఉన్నారు. ఒక రోజు కూలి వదులుకుని వచ్చారు. జనం వస్తున్నారు. కుర్చీలు చాలడం లేదు. వాళ్ళమ్మాయి ఇంకొన్ని కుర్చీల కోసం కంగారుపడుతోంది. అప్పుడు, ఎవరూ చెప్పకుండానే, ఆ వరుసలో వాళ్ళు ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. లేచి, వచ్చిన వాళ్ళకు కుర్చీ జరిపి గోడవారన నిలబడ్డారు. కాసేపటికి కూర్చున్న వాళ్ళూ లేచారు. మా క్వార్టర్స్ వాళ్ళు, సందులో వాళ్ళు, పాలు పోసే అతను, అందరూ కాసేపు కూర్చోవడం, లేవడం, ఇంకొకరిని కూర్చోబెట్టడం. ఆ ఇంటి ముందు చిక్కసూగూరు వస్తూనే ఉంది. అక్క ఫోటో వాకిట్లో ఉంది.  ఒక మనిషి ఒక్క ఉపన్యాసం లేకుండా, ఒక జెండా లేకుండా, ఉబ్బిన పాదాలతో ఇంత పని చేసి వెళ్ళిందా అని అలాగే చూస్తూ నిలబడిపోయాను.

ఎవరో నా చేయి పట్టుకున్నారు. బూడిద సెక్షన్ ఆమె. నుదుటి దగ్గర జుట్టు తెల్లబడింది.

"నాది సగం అయింది అక్కా. నువ్వు కూసో."

కూర్చున్నాను. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. ఈమె నా పక్క సీటులో ఎన్నో ఏళ్ళు చిక్కసూగూరు నుంచి రాయచూరు దాకా కూర్చుంది. నేను తలెత్తి అడిగాను.

"నీ పేరేంటి?"

 "తాయమ్మ. గిన్నేండ్లకు అడిగినవ్?" అంది. కోపంగా కాదు. నిజంగా ఆశ్చర్యపోయి.

సంచిలోంచి పుస్తకం తీశాను. గోడ వెంట నడిచి ఒక్కొక్కరినీ అడిగాను. తాయమ్మ, దురుగమ్మ, శరణమ్మ, మహబూబీ, ఈరమ్మ, నర్సమ్మ, ఇద్దరు లక్ష్ములు, చిన్న హనుమవ్వ, పెద్ద హనుమవ్వ, రేణుక. పదకొండు మంది. వాళ్ళందరినీ ఏళ్ళుగా ఎరుగుదును. పేర్లన్నీ కొత్తవి.

కొత్త లిస్టు శనివారం రాశాను. వారానికి పదకొండు సీట్లకు రెండేసి పేర్లు: చిక్కసూగూరు దాకా ఒకరు, అక్కడి నుంచి ఒకరు. తిరుగు ప్రయాణంలో తారుమారు. ఏ వారం ఏ సీట్లన్నది వరుసగా తిరుగుతుంది. మొదటి వారం నా సీటుతో మొదలుపెట్టాను. ఎవరినైనా లేపేముందు నేను లేవాలి కదా. మా ఆయన మొత్తం చదివి, "రిటైర్మెంట్‌కు ఇంకా ఏడాదుంది" అన్నారు. ఇంకాసేపు చూసి, "ఇక్కడ గీత వంకర పోయింది" అని టేపు తెచ్చిచ్చారు.

ఆదివారం బస్సులో డ్రైవరు చదివి, "సీటుకు ఇద్దరేందక్కా? బస్సు పెరిగిందా?" అన్నాడు.

"బస్సు అంతే. దారిని రెండు చేశాం."

ఇప్పటి మేనేజరు గారి భార్య కళ్ళద్దాలు పెట్టుకుని చూశారు. ఆమె వంతు మూడో వారం. "ఇలా రాయమని మీకు ఎవరు చెప్పారు?"

ఊడుతున్న టేపు అంచును బొటనవేలితో నొక్కాను.  "ఎవరూ చెప్పలేదండీ. పాతది కూడా ఎవరూ చెప్పలేదు."

ఆమె కళ్ళద్దాలు తీసి తన సీటుకు వెళ్ళిపోయారు. ఒప్పుకున్నారో, మూడో వారం చూసుకుందామనుకున్నారో నాకు తెలియదు. ఈ పద్ధతి నిలుస్తుందో లేదో కూడా తెలియదు. ఇదే న్యాయమని కూడా అనను. సగం దారి ఎందుకు, మొత్తం ఎందుకు కాదు అని రేపు తాయమ్మ అడగవచ్చు. అడగాలి. కానీ మా అమ్మాయి ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర ఒక జవాబుంది: ఏ కాగితం చూసినా ముందు వెనక్కి తిప్పి, ఎవరి పేరు లేదో చూస్తాను. అంత చిన్నది. అది నేర్చుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

చిక్కసూగూరు వచ్చింది. నేను లేచాను. వెనుక చీరల గరగర వినిపించింది. తిరిగి చూస్తే మరో ఎనిమిది మంది లేచారు. ఇద్దరు కిటికీ వైపు తిరిగి కూర్చుండిపోయారు.  ఇన్నేళ్ళు కూర్చున్నదాన్ని నేనేమంటాను. తాయమ్మ లిస్టు వైపు చూసి, డ్రైవరు చదివి చూపించిన తన గడి వెతుక్కుని, మొహమాటం లేకుండా వచ్చి పదమూడో సీటులో కూర్చుంది. నేను పైన కడ్డీ పట్టుకున్నాను. ఒకచోట రంగు పోయి ఇనుము నున్నగా తేలి ఉంది. పన్నెండో సీటుకు సరిగ్గా పైన. నా చేయి అక్కడే పెట్టుకుని రాయచూరు దాకా నిలబడ్డాను.

ఆగస్టు పదిహేడు, ఆదివారం. కిందింటి అక్కకు పేర్లు, పదకొండు. చెల్లు.